క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది, మరి 2022 కప్పు ఎవరిది?

గచ్చిబౌలి పసుపు

మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీని ఫాలో అయినవాళ్ళు ఇక్కడ ఎంతమంది మిగిలారో తెలీదు కానీ, ఉన్నవాళ్ళు మీ మనసులో ఉన్నది చెప్పండి. మన క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది, అది అందరికీ తెలిసిందే. అప్పటినుంచి మనోళ్ళలోనే కొందరు "ఓనర్ మారినా, ఊరు మారినా టీమ్ టీమే కదా, కష్టకాలంలో వదిలేసేవాడు అసలు అభిమానే కాదు" అంటున్నారు. ఇంకొందరేమో "ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ అంటే అంతే, పోతే పోయింది, దానికి ఇంత బాధేంటి" అని తేల్చేస్తున్నారు. ఈ రెండు మాటలూ నాకు మింగుడు పడట్లేదు.

మొదటి సీజన్ 2019-20లో మనం అట్టడుగున ఉన్నాం, జనవరిలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ని పంపేశారు, అయినా గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళినవాళ్ళం వెళ్తూనే ఉన్నాం. తర్వాత కోవిడ్ వల్ల రెండు సీజన్లూ గోవాలోనే ఆడారు. అంటే కొత్త కోచ్ మనోలో మార్కెజ్ టీమ్‌ని కట్టిన కాలమంతా మనం టీవీలోనే చూశాం, సొంత ఊళ్ళో ఆ టీమ్‌కి చప్పట్లు కొట్టే అవకాశం కూడా లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫాతోర్డాలో ఐఎస్‌ఎల్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టాండ్లన్నీ పసుపే, కానీ అది మన పసుపు కాదు, కేరళ వాళ్ళది. మైదానంలో పసుపు జెర్సీ మాత్రం మనవాళ్ళ ఒంటి మీద ఉంది, ఎందుకంటే ఆ రోజు వాళ్ళ టీమ్ వేరే రంగులో ఆడాల్సొచ్చింది. కేరళ తరఫున రాహుల్ కేపీ గోల్ కొట్టాక టైమ్ అయిపోతోంది, టెన్షన్‌తో టీవీ ముందు కూర్చోలేకపోతున్నాం, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్స్ బయటినుంచి వాలీ కొట్టాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, అందులో వాళ్ళ నిషూ కుమార్ కొట్టింది ఆపితే రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు, రెండోసారీ ఆపాడు! మన నార్జారీ చివరిది వేశాక 3-1, కప్పు మనదే.

నేను అడిగేది ఒకటే. ఆ కప్పు ఇప్పుడు ఎవరిది? రేపు ఎవరో ఢిల్లీలో టీమ్ బస్సు మీద "మాజీ ఛాంపియన్స్" అని రాసుకుంటే మనం ఊరుకోవాలా? అసలు ఈ కోపం ఎవరి మీద చూపించాలి?

మల్కాజిగిరి లెఫ్ట్‌బ్యాక్

అన్నా, నా కోపం 2025లో మొదలవలేదు. 2023-24లోనే మొదలైంది, అప్పుడే ఈ క్లబ్ సగం చచ్చిపోయింది.

కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. 2022లో ఛాంపియన్స్, 2022-23లో లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద పెనాల్టీల్లో ఓడిపోయాం. అలాంటి టీమ్‌కి ఆ వెంటనే వచ్చిన సీజన్‌లో జీతాలు లేవు. ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది, కొత్తవాళ్ళని తీసుకోలేరు. కోచ్ కానర్ నెస్టర్ వెళ్ళిపోయాడు. జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్ళలో జోవో విక్టర్ ఒక్కడు మిగిలాడు, మన దేశం కుర్రాళ్ళలోనూ పేరున్నవాళ్ళు ఒక్కొక్కరే వేరే క్లబ్బులకి పోయారు. పోయినవాళ్ళని నేను ఒక్క మాట అనను. ఇంటికి డబ్బు పంపాలి, అద్దె కట్టాలి, వాళ్ళకీ కుటుంబాలున్నాయి. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్ళని పట్టుకుని సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్క గెలుపు, అది కూడా చెన్నైలో చెన్నైయిన్ మీద 1-0.

ఆ రోజు ఫైనల్ విజిల్ తర్వాత ఆ పిల్లలు ఒకరినొకరు పట్టుకున్న తీరు మీరు చూసుంటే, కష్టకాలంలో నిలబడటం గురించి మనకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదని మీరూ అంటారు. మనం నిలబడ్డాం. గచ్చిబౌలిలో ఆ రన్నింగ్ ట్రాక్ అవతలి నుంచి ఎంత అరిచినా ఆటగాళ్ళకి వినపడుతుందో లేదో తెలీదు, అయినా ఖాళీ మెట్ల మీద పక్కపక్కనే గుంపుగా కూర్చుని డ్రమ్ము కొట్టేవాళ్ళం. ఓడిపోయాక ఆటగాళ్ళు ట్రాక్ దాటి మన దగ్గరికొచ్చి చేతులు జోడించేవాళ్ళు. జీతం రానివాడు వచ్చి మనకి దండం పెడుతుంటే, ఆ పరిస్థితికి తెచ్చినవాళ్ళ మీద రక్తం మరిగిపోయేది.

ఆ సీజన్‌లో అట్టడుగున ఉన్నా కింది లీగ్‌కి పడలేదు, ఎందుకంటే అప్పుడు ఐఎస్‌ఎల్‌లో రెలిగేషన్ లేదు. అప్పట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. నాకిప్పుడు అనిపిస్తోంది, కింది లీగ్‌కి పడినా సరే హైదరాబాద్ పేరుతోనే ఉండుంటే బాగుండేది, ఐ-లీగ్‌లోనైనా గచ్చిబౌలిలో చూసేవాళ్ళం కదా. ఐఎస్‌ఎల్‌లో చోటు కాపాడుకోవడం అని అన్నదంతా చివరికి ఆ చోటుని ఇంకో ఊరికి పట్టుకుపోవడానికే పనికొచ్చింది.

ద్వారకా తెలుగోడు

నన్ను తిట్టుకున్నా సరే, రెండో వైపు నుంచి కూడా ఒక మాట. నేను గుంటూరు వాణ్ణి, ఢిల్లీలో ఉద్యోగం, ఇక్కడే స్థిరపడ్డా. 2014 నుంచి మాకు ఢిల్లీ డైనమోస్ ఉండేది. 2019 ఆగస్టులో ఆ క్లబ్‌ని భువనేశ్వర్‌కి మార్చి ఒడిశా ఎఫ్‌సీ అని పేరు పెట్టారు. ఈ ఊళ్ళో నెహ్రూ స్టేడియానికి వెళ్ళినవాళ్ళకి అప్పుడు ఎలా ఉందో, ఇప్పుడు మీకు అలాగే ఉంది.

అదే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా వచ్చింది? పుణె సిటీ క్లబ్ అప్పుల్లో మునిగి మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. పుణెలో ఆరెంజ్ ఆర్మీ అని అభిమానుల గుంపు ఉండేది, వాళ్ళు అప్పుడు ఏమైపోయారో మనలో ఎంతమంది అడిగాం? మిమ్మల్ని తప్పుబట్టడానికి కాదు ఇది. లీగ్ ఇలా కట్టారు కాబట్టే ఒక ఊరి కన్నీళ్ళ మీద ఇంకో ఊరి పండగ జరుగుతోంది.

నేనైతే ఇక్కడ మ్యాచ్‌లకి వెళ్తాను. మా అబ్బాయికి పదేళ్ళు, వాడికి తన ఊళ్ళో ఒక టీమ్ కావాలి. కానీ 2022 కప్పు గురించి మీరు అడిగినదానికి నా జవాబు: అది ఢిల్లీది కాదు. ఇక్కడ ఎవరైనా అది మనదే అంటే నేనే ముందు అడ్డుపడతా.

మల్కాజిగిరి లెఫ్ట్‌బ్యాక్

అన్నా, మీరు వెళ్ళండి, మీ బాబుని తీసుకెళ్ళండి, మీ మీద నాకేం కోపం లేదు. పుణె సంగతి మీరన్నది నిజం. నాకు మండేది హైదరాబాద్‌లో కూర్చుని "టీమ్ ఎక్కడుంటే మనం అక్కడే" అనేవాళ్ళ మీద. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ తీసుకున్నప్పుడు జీతాలొస్తాయి, క్లబ్ నిలబడుతుందని సంతోషపడ్డాం. 2024-25లో 13 టీముల్లో 12వ స్థానం వచ్చినా ఓర్చుకున్నాం. మరి తర్వాత క్లబ్‌ని తీసుకెళ్ళేటప్పుడు అభిమానులతో కూర్చుని ఒక మాటైనా మాట్లాడాలి కదా? ఇంటి యజమాని అద్దెకున్నవాడికైనా నెల ముందు చెప్తాడు.

బొల్లారం బాబాయ్

పిల్లలూ, మీ మాటలన్నీ చదివాను. నేను ఐఎస్‌ఎల్ పుట్టకముందు నుంచీ బంతి వెనకాల తిరిగినవాణ్ణి, కాబట్టి నా బాధ కొంచెం వేరుగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ 2019లో మొదలవలేదు. మా నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గురించి చెప్పేవాడు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చిన టీమ్ అది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన చేతిలోనే ఇండియా 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ బిడ్డ, అమ్ముగూడ వాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, ఇలా పేర్లు చెప్పుకుంటూ పోతే సాయంత్రమవుతుంది.

ఆ టీమ్ ఎందుకు పోయింది? ఎవరూ కొనుక్కుని వేరే ఊరికి తీసుకుపోలేదు. పోలీసు ఉద్యోగం ఇచ్చి ఆడించే పద్ధతి ఉండేది, రహీం సాబ్ 1963లో పోయారు, మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకి వెళ్ళారు, ఇక్కడ పట్టించుకునేవాళ్ళు తగ్గారు, నెమ్మదిగా అంతా ఆగిపోయింది. ఎవరి మీద అరవాలో కూడా మా తరానికి తెలియలేదు. మీకు కనీసం అది తెలుసు. మీ కోపం చూస్తే నాకు ధైర్యంగా ఉంది, ఎందుకంటే మా వాళ్ళు కోపం కూడా తెచ్చుకోకుండా క్రికెట్ చూడ్డం మొదలుపెట్టారు.

క్రాయిడన్ నుంచి

లండన్‌లో ఉంటున్నా, ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఆడే ప్లౌ లేన్ మా ఇంటికి దగ్గరే. పసుపు అన్న అడిగిన కప్పు ప్రశ్నకి ఇక్కడ ఒక జవాబు దొరికింది, అది మనకి పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తా.

వింబుల్డన్ ఎఫ్‌సీ 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్లబ్. 1991లో సొంత మైదానం ప్లౌ లేన్ వదిలేసి వేరేవాళ్ళ స్టేడియంలో అద్దెకి ఆడటం మొదలుపెట్టారు. చివరికి ఓనర్లు క్లబ్‌ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కి తీసుకెళ్తామన్నారు. అభిమానులు ఎంత గొడవ చేసినా 2002 మే 28న ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1తో ఒప్పేసుకుంది. అప్పుడు అభిమానులు ఏం చేశారంటే, కొన్ని వారాల్లోనే సొంత క్లబ్ పెట్టారు. వింబుల్డన్ కామన్ అనే పార్కులో ఎవరైనా రావచ్చని ట్రయల్స్ పెడితే 230 మంది వచ్చారు. పాత క్లబ్ ఇంకా లండన్‌లోనే ఆడుతున్నా ఆ స్టాండ్లు బోసిపోయాయి, జనమంతా కొత్త చిన్న క్లబ్ వెంట నడిచారు. ఎక్కడో తొమ్మిదో అంచెలో మొదలైన ఆ క్లబ్ 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది, 2020 నవంబరులో ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలో మళ్ళీ ఆడింది. క్లబ్ ఇప్పటికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

ముఖ్యమైన సంగతి ఇది. అభిమానులు ఊరుకోకుండా ఏళ్ళ తరబడి అడిగితే, 2007లో మిల్టన్ కీన్స్ క్లబ్ ఆ ఎఫ్‌ఏ కప్ నమూనానీ, పాత వింబుల్డన్ గుర్తుల్నీ ఆ ప్రాంతపు మున్సిపాలిటీ లాంటి మెర్టన్ కౌన్సిల్‌కి అప్పగించింది, పాత చరిత్ర మాదే అని చెప్పుకోవడం మానేసింది. కోర్టు తీర్పుతో జరిగింది కాదు ఇది. అభిమానుల సంఘాలు కూర్చుని మాట్లాడి, ఒత్తిడి తెచ్చి సాధించాయి.

మనకీ అదే కావాలి. 2022 కప్పు హైదరాబాద్ ఎఫ్‌సీది అని మాత్రమే రికార్డుల్లో ఉండాలి, ట్రోఫీ హైదరాబాద్‌లోనే ఎక్కడో ఒకచోట జనం చూసేలా ఉండాలి. క్లబ్‌ని వెనక్కి తెమ్మంటే ఎవరూ తేరు, కానీ ఈ కోరిక న్యాయమైనది, ఎవరికీ రూపాయి ఖర్చు కాదు.

నాగోల్ నంబర్ 10

వింబుల్డన్ కథ బాగుంది భయ్యా, కానీ అక్కడ తొమ్మిది పది అంచెల లీగ్‌లున్నాయి, కింద మొదలుపెట్టి పైకి రావచ్చు. ఇక్కడ 2023లో పంజాబ్ ఎఫ్‌సీ వచ్చేదాకా ఐ-లీగ్ గెలిచినవాడికి కూడా ఐఎస్‌ఎల్‌లోకి దారి లేదు. పైగా 2025 జులైలో లీగే ఆపేశారు, ఫెడరేషన్‌కీ లీగ్ నడిపే కంపెనీకీ మధ్య ఒప్పందం ముగిసిపోతోందని. దేశంలో పెద్ద లీగే ఉంటుందో లేదో తెలియని పరిస్థితి వచ్చిన చోట, మన హైదరాబాద్ వాళ్ళం ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు?

క్రాయిడన్ నుంచి

చదివించాలి. కలకత్తా మోహన్ బగాన్ అభిమానుల్ని చూడండి. 2020లో వాళ్ళ క్లబ్‌ని ఏటీకే అనే ఐఎస్‌ఎల్ క్లబ్‌తో కలిపేసి పేరు ముందు ఏటీకే తగిలిస్తే, వాళ్ళు టీమ్ గెలుస్తున్నా ఊరుకోలేదు. "రిమూవ్ ఏటీకే" అని మ్యాచ్‌ల్లో బ్యానర్లు, బయట నిరసనలు, ఆన్‌లైన్‌లో పోస్టులు, ఆపకుండా చేశారు. 2023లో టైటిల్ గెలిచిన రాత్రే ఓనర్ పేరు మారుస్తున్నామని ప్రకటించాల్సొచ్చింది. వాళ్ళంత జనం మనకి లేరు, ఒప్పుకుంటా. అడిగేది కూడా చిన్నదే కదా.

గచ్చిబౌలి పసుపు

అందరివీ చదివాను. బాబాయ్ గారూ, మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను.

నంబర్ 10 అడిగినదానికి నాదొక మాట. 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికొచ్చాడు గుర్తుందా? సీఎం రేవంత్ రెడ్డి గారు కూడా మైదానంలో దిగి ఆడారు, జనం పోటెత్తారు. మెస్సీ వస్తే నేనూ సంతోషపడ్డాను, అందులో దాపరికం లేదు. కానీ అదే ఏడాది ఈ ఊరి ఛాంపియన్ క్లబ్ చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతే ఒక్క నాయకుడు గానీ, ఒక్క పెద్ద ఛానెల్ గానీ గట్టిగా ఎందుకు అడగలేదు? 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఏడాది చివర సంతోష్ ట్రోఫీ ఫైనల్, రెండూ గచ్చిబౌలిలోనే జరిగాయి. అంటే మైదానం ఉంది, ఆడించే ఏర్పాట్లున్నాయి, ఒక రోజు పండగైతే వచ్చే జనం ఉన్నారు. వారం వారం వచ్చే జనాన్ని తయారుచేయడానికే ఆరేళ్ళు పట్టింది, ఇప్పుడిప్పుడే స్కూలు పిల్లలు పసుపు జెర్సీ వేసుకుని రావడం మొదలైంది, సరిగ్గా అప్పుడు తీసేశారు. నా కోపమంతా అక్కడే ఉంది. ఢిల్లీ మీద నాకు కోపం లేదు, అక్కడాడే కుర్రాళ్ళ మీద అసలే లేదు.

నేను ఢిల్లీ టీమ్‌ని సపోర్ట్ చేయను. అలా చేయకపోవడం ద్రోహం అని ఎవరైనా అంటే ఇకమీదట జవాబు కూడా ఇవ్వను.

నాగోల్ నంబర్ 10

సరే, నన్నూ కలుపుకోండి. ఇంకో సంగతి, మన దగ్గరే ఆడే ఐ-లీగ్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం, రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో ఐఎస్‌ఎల్ తప్పిపోయింది. అజీజ్‌నగర్ దగ్గర డెక్కన్ అరీనాలో వాళ్ళ ఆట చూస్తే స్టాండ్ పక్కనే టచ్‌లైన్, కోచ్ తిట్టే తిట్లు కూడా వినపడతాయి. గచ్చిబౌలిలో ఆ ట్రాక్ వల్ల మనకి ఎప్పుడూ దొరకనిది అదే.

మల్కాజిగిరి లెఫ్ట్‌బ్యాక్

నేనింకా వెళ్ళలేదు తమ్ముడూ. వెళ్ళాలంటే ఏదో తెలియని అడ్డు, పాత టీమ్‌ని మర్చిపోయినట్టు అవుతుందేమోనని. పైగా అది కూడా ప్రైవేటు చేతుల్లో ఉన్న క్లబ్బే, రేపు వాళ్ళూ వేరే ఊరు అంటే? ముందు విశాఖ పేరు మీదే కదా దానికి అనుమతి ఇచ్చింది.

బొల్లారం బాబాయ్

బాబూ, ఆ భయం పెట్టుకుంటే ఏ మైదానానికీ వెళ్ళలేవు. ఆడే పిల్లల్ని చూడ్డానికి వెళ్ళు. మన జిల్లాల నుంచి వచ్చిన కుర్రాడు ఒక్కడు బాగా ఆడినా పేరు పెట్టి పిలువు, వాడికి అది చాలాకాలం గుర్తుంటుంది. ఉత్తరం కూడా రాయండి, నా సంతకం ముందు పెట్టండి. పాత సిటీ పోలీస్ ఆటగాళ్ళ కుటుంబాలు కొన్ని నాకు తెలుసు, వాళ్ళ చేత కూడా సంతకం పెట్టిస్తా. పెద్దవాళ్ళ పేర్లుంటే తెలంగాణ ఫుట్‌బాల్ సంఘం వాళ్ళూ పక్కన పడేయలేరు.

గచ్చిబౌలి పసుపు

అయితే ఉత్తరంలో మూడే అడుగుదాం, ఎక్కువైతే ఏదీ జరగదు. 2021-22 ఐఎస్‌ఎల్ విజేతగా హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మాత్రమే ఉండాలి, దాన్ని వేరే క్లబ్ చరిత్రలో కలపకూడదు. ట్రోఫీనో, కనీసం దాని నమూనానో గచ్చిబౌలి స్టేడియంలో పెట్టాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరూ, గుర్తూ ఈ ఊళ్ళో అభిమానుల సంఘం ఏదైనా రేపు క్లబ్ పెడితే వాడుకునే వీలుండాలి. ఈ మూడోది చట్టప్రకారం ఎలా అడగాలో తెలిసిన లాయర్లు ఎవరైనా ఇక్కడుంటే కింద రాయండి.

ఫెడరేషన్‌కి, రాష్ట్ర సంఘానికి, క్రీడా శాఖకి తలో కాపీ పంపుదాం. ద్వారకా అన్నా, ఢిల్లీ క్లబ్ ఆఫీసులో ఒక కాపీ చేత్తో ఇచ్చి రసీదు తీసుకోగలరా? తెలుగు డ్రాఫ్ట్ ఈ ఆదివారం లోపు ఇదే థ్రెడ్‌లో పెడతా, ఇంగ్లిష్‌ది క్రాయిడన్ భయ్యా చూసుకుంటే బాగుంటుంది.

ద్వారకా తెలుగోడు

ఇస్తాను. స్టాంపు వేయించుకుని రసీదు ఫోటో ఇక్కడే పెడతా. సంతకాల్లో నా పేరు కూడా రాయండి, ఊరు ఢిల్లీ అనే రాయండి.